కోడలు కణాలు

పాలు కాచాలి. పాప బూట్లకి పాలిష్ పెట్టాలి. అత్తయ్యకి పరగడుపున వేసుకునే మాత్ర ఇచ్చి, కాసేపాగి రక్తపోటు మాత్ర ఇవ్వాలి. రెండూ ఒకేసారి ఇస్తే ఆవిడకి కడుపులో మంట, ఆ మంట సాయంత్రం దాకా నా మీదికి మళ్ళుతుంది. డబ్బాలు సర్దాలి. ఆయన చొక్కా ఇస్త్రీ చేయాలి, కాలరు దగ్గర నీళ్ళు చిలకరించి మరీ, లేకపోతే మడత నిలవదు. మెషీన్‌లో నిన్నటి నుంచి ముద్దగా పడున్న బట్టలు ఆరేయాలి. ఆదివారం భోజనానికి వచ్చే ఆయన ఆఫీసువాళ్ళ కోసం సరుకులకి చెప్పాలి. ల్యాబుకి వెళ్ళగానే ఉప్పు ద్రావణం కలపాలి, గాజు గొట్టాలు సాగదీసి పెట్టుకోవాలి, సోమవారం మీటింగుకి పెద్దసారు అడిగిన గ్రాఫు పూర్తి చేయాలి. నా మాత్ర వేసుకోవాలి.

ఆఖరిది మరిచిపోయాను. ఆ సంగతి బస్సులో నిలబడ్డాక తెలిసింది. పక్కన నిలబడ్డావిడ చేతిసంచి నా ఎడమ పక్కటెముకలకి రాసుకుంది. రాసుకుంది, అంతే, గుద్దలేదు, పొడవలేదు. అయినా ఎవరో కాలిన గరిటె తెచ్చి అంటించినట్టు ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుపోయింది. ఆవిడ నొచ్చుకుని, "తగిలిందా?" అంది. లేదండీ అన్నాను. తగల్లేదని చెప్పడం నాకిప్పుడు బాగా అలవాటైంది. తగిలిందంటే ఎక్కడ అని అడుగుతారు, చూపిస్తే అక్కడ ఏమీ ఉండదు.

వానలు మొదలైన రోజుల్లో వచ్చింది నాకిది. వీపు ఎడమ పక్క నుంచి రొమ్ము కింది దాకా పట్టీ కట్టినట్టు నీటి పొక్కులు లేచాయి. డాక్టరమ్మ చూడగానే సర్పి అంది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరసే ఇది. ఆటలమ్మ తగ్గిపోయిందని మనం అనుకుంటాం గానీ అది ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కన, నరాల మొదళ్ళలో ముడుచుకుని పడుకుంటుంది. మనిషి బాగా అలిసిపోయినప్పుడో, వయసు మళ్ళినప్పుడో లేచి, నరం పట్టుకుని చర్మం మీదికి నడిచొస్తుంది. డాక్టరమ్మ చెప్పకముందే నాకీ సంగతి తెలుసు. ఎందుకంటే నా ఉద్యోగం అదే. మా ల్యాబులో మేం పెంచే వైరస్ దీనికి దాయాది. అది నరాల కణాలను ఏం చేస్తుందో చూడటానికే నాకు జీతమిస్తారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. అమ్మ చదువుకోలేదు, నాన్న చదువుకోలేదు. అంత చదువు చదివి, ఏ జబ్బు గురించి చదివానో అదే తెచ్చుకున్నానని మా ఆయన మొదట్లో అందరికీ చెప్పి నవ్వించేవారు.

పొక్కులు ఎండాయి, పెచ్చులు రాలాయి, చివరికి మచ్చలు కూడా మాసిపోయాయి. నొప్పి మాత్రం ఉండిపోయింది. ఒక రోజు ఆయన ఫోనులో లైటు వేసి, అద్దెకి వచ్చేవాడు గోడలో చెమ్మ వెతికినట్టు నా వీపంతా వెతికారు. "మచ్చ కూడా లేదు కదా. ఇంకా నొప్పేంటి?" అన్నారు. ఆ మాటలో దురుసుతనమేమీ లేదు. అందుకే దానికి జవాబు చెప్పలేకపోయాను. దురుసుగా అని ఉంటే దెబ్బలాడేదాన్ని. ఆ రోజు నుంచీ ఇంట్లో నా నొప్పికి సాక్ష్యం లేకుండా పోయింది. కొట్టివేసిన కేసులాగా నేను దాన్ని మోసుకుంటూ తిరుగుతున్నాను. ఆయన పాత చొక్కా ఒకటి తిరగేసి లోపల వేసుకుంటాను, కుట్లు ఒంటికి తగలకుండా. దాని మీద నా బట్టలు. నిద్రలో కూడా కుడి వైపే. పాప పరిగెత్తుకుంటూ వచ్చి పట్టుకోబోతే ముందే చెయ్యి అడ్డం పెడతాను. అది ఒక రోజు బళ్ళో టీచరుతో, మా అమ్మని కుడివైపు నుంచే పట్టుకోవాలి, ఎడమపక్క అమ్మ అరుస్తుంది, అని చెప్పిందట. అత్తయ్య అయితే ఇంకో రకం. "ఎవరూ ఏమీ అనకముందే ఉలిక్కిపడతావేంటమ్మాయ్? చూసినవాళ్ళు మేం నిన్నేదో చేస్తున్నామనుకుంటారు" అంటారు. నొప్పి నాదైనా పరువు వాళ్ళది. ఆ పరువు కోసం మెల్లగా ఉలిక్కిపడటం నేర్చుకున్నాను.

నా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. నరాల కణం పొర మీద కంటికి ఆనని తలుపులుంటాయి. అయాన్ చానెళ్ళు అంటాం వాటిని. మనం కూరలో వేసుకునే ఉప్పులో ఉండే సోడియమే ఆ తలుపుల బయట కాచుకుని ఉంటుంది. చర్మానికి ఏదైనా గట్టిగా తగిలినా, కాలినా తలుపులు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఒక కరెంటు అల నరం వెంట మెదడు వైపు పరుగెడుతుంది. మరుక్షణం తలుపులు మూసుకుంటాయి. అవి వేళకి తెరుచుకుని, వేళకి మూసుకోవడం మీదే మనిషి సుఖమంతా ఆధారపడి ఉంది. వైరస్ సోకిన కణంలో ఈ తలుపులు ఏమవుతాయన్నదే మా ప్రశ్న. చిన్న చిన్న గాజు గిన్నెల్లో కణాలు పెంచుతాం. కొన్ని గిన్నెలకి వైరస్ ఇస్తాం, కొన్నిటికి ఇవ్వం. కదలని బల్ల మీద, మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నటి మొన ఉన్న గాజు గొట్టాన్ని ఒక్క కణానికి ఆనించి, దానికి తగిలించిన రబ్బరు గొట్టాన్ని పెదాల మధ్య పెట్టుకుని మెల్లగా గాలి పీల్చాలి. పసిబిడ్డ నిద్రలో పాలు తాగినంత మెల్లగా. అప్పుడు పొర గాజుకి అతుక్కుంటుంది. ఇక ఆ కణంలో అల పుట్టినప్పుడల్లా పక్కనున్న స్పీకరులో టక్ మని వినిపిస్తుంది.

గోడ మీద పెద్దసారు అంటించిన నియమాలున్నాయి. అందులో ఒకటి, కణం అతుక్కున్నాక కాసేపు ఏమీ చేయకుండా ఊరుకోండి, మీరు ఏమీ చేయకుండానే అది టక్ టక్ మంటుంటే అది చెడ్డ కణం, వదిలేసి ఇంకోదానికి వెళ్ళండి, అని. ఊరికే పెట్టిన నియమం కాదది. గాజు మొన గుచ్చుకుని చిరిగిన కణం చచ్చేముందు అలాగే కొట్టుకుంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే లెక్క చెడుతుంది. నేను చేరక ముందు నుంచే ఆ చెడ్డ కణాలకి మా ల్యాబులో ఒక ముద్దుపేరు ఉంది. కోడళ్ళు. ఎవరూ ఏమీ అనకుండానే ఏడుస్తాయి కాబట్టి. పెద్దసారే పెట్టారట. పక్క బల్ల దగ్గర కూర్చునే సీనియరు సాయంత్రం పూట ఒళ్ళు విరుచుకుంటూ, ఇవాళ మీ ఇంట్లో కోడళ్ళెంతమంది, అని అడుగుతాడు. కంప్యూటరులో మేం రాసుకునే పట్టికలో కూడా ఆ గడి పేరు అదే. కోడలు, అవును, కాదు. చేరిన కొత్తలో నేనూ నవ్వాను. నవ్వకపోతే నన్ను కూడా ఆ గడిలో వేస్తారు కదా. పైగా నేను నియమాలు పాటించే రకం. మొదటి తరం చదువుకున్నవాళ్ళకి గోడ మీద కాగితం అంటే దేవుడి మాట. మనం తప్పు చేస్తే మన ఒక్కరినే కాదు, మన అమ్మానాన్నల్ని కూడా అంటారన్న భయం మాకు పుట్టుకతోనే ఉంటుంది.

ఆ శుక్రవారం, మాత్ర వేసుకోని ఆ రోజు, వైరస్ గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. గొట్టం పెదాల మధ్య ఉంది. పొర అప్పుడే అతుక్కుంది. ఆ క్షణాన నాకు ఎడమ పక్క మొదలైంది. ఎవరూ రాసుకోలేదు, నేను కదల్లేదు, గాలి కూడా లేదు ఆ గదిలో. అయినా లోపల ఎవరో తీగ మీటినట్టు టపటపా కొట్టింది. కదిలితే కణం ఊడిపోతుంది. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అప్పుడే స్పీకరులో మొదలైంది, టక్, టక్ టక్, టక్. పక్క బల్ల నుంచి సీనియరు తలెత్తకుండానే, "కోడలా?" అన్నాడు. నేను ఊఁ అన్నాను. వేలు గడి మీదికి వెళ్ళింది, అవును అని నొక్కడానికి. నొక్కలేకపోయాను. ఎవరూ ముట్టుకోకుండా ఇప్పుడు నేను కూడా ఇలాగే కొట్టుకుంటున్నాను కదా. మరి నేను చిరిగిపోయానా? చచ్చిపోతున్నానా? తెర మీద అంకెలు చూశాను. పొర గట్టిగా అతుక్కుని ఉంది. ఎక్కడా కారడం లేదు. కణం లోపలి కరెంటు నిలకడగా ఉంది. చచ్చే కణం ఇలా ఉండదు. ఇది బాగానే ఉంది, బాగానే ఉండి ఏడుస్తోంది.

మధ్యాహ్నం డబ్బా పట్టుకుని క్యాంటీనుకి వెళ్తుంటే, వరండా చివరి గాజు తలుపులో నాకెదురుగా ఒకావిడ వస్తూ కనిపించింది. ఎడమ మోచెయ్యి ఒంటికి దూరంగా పెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకున్నట్టు, కాస్త టెక్కుగా. ఎవరా అనుకున్నాను. మా అమ్మ అనుకున్నాను. రెండడుగులు వేశాక తెలిసింది అది నేనేనని. డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

అమ్మ ఒక పెద్ద హోటలు బట్టలుతికే చోట పని చేసేది. ఉతికే యంత్రాల్లోంచి వేడివేడిగా వచ్చే దుప్పట్లను ఇద్దరేసి ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, లాగి, దులిపి, మడత పెట్టాలి. రోజంతా అదే. నేను బళ్ళో చదువుకునే రోజుల్లో ఒకసారి ఆవిడకి నడుం పైన ఏవో పొక్కులొచ్చాయి. ఏదో పురుగు పాకిందన్నారు, ఏదో పూశారు, తగ్గిపోయింది. ఆ తర్వాతే అమ్మ నడక మారింది. మోచెయ్యి ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని నడిచేది. రవిక తిరగేసి తొడుక్కునేది, కుట్లు పైకి కనిపించేలా. హడావిడిలో అలా వేసుకుందేమో అనుకునేవాళ్ళం. పనిలో ఆడవాళ్ళు ఆ నడక చూసి మహారాణి అని పేరు పెట్టారు. సూపర్‌వైజరు కూడా, మహారాణిగారు వేంచేశారా, అనేవాడు. దుప్పటి కొస లాగినప్పుడల్లా ఆవిడ ముఖం ఒక్క క్షణం మారేది. పని తప్పించుకోవడానికి వేషాలన్నారు. అమ్మ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేది, "అననీవే. మహారాణి అంటే మనకేం తగ్గింది? దాసీ అనలేదుగా." ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నొప్పి అన్న మాట ఆవిడ నోట నేను విన్నట్టు గుర్తులేదు. ఆ మాట అంటే చూపించమంటారని ఆవిడకి కూడా తెలిసి ఉంటుంది.

క్యాంటీనుకి వెళ్ళలేదు. వెనక్కి వచ్చి, ఇన్నాళ్ళూ కోడళ్ళంటూ పక్కకి పడేసిన రికార్డింగులన్నీ తెరిచాను. నావి, సీనియరువి, మాకంటే ముందువాళ్ళవి. నిజంగానే చిరిగిపోయిన కణాలు రెండు రకాల గిన్నెల్లోనూ ఉన్నాయి, వాటిని పక్కన పెట్టాను. మిగిలినవి చూస్తే, మామూలు గిన్నెల్లో అలాంటివి ఎక్కడో ఒకటి. వైరస్ గిన్నెల్లో కుప్పలు. చిరగలేదు, కారలేదు, నిలకడగా కూర్చుని వాటంతటవే ఏడ్చినవి. మా పెద్దసారు సోమవారం ల్యాబుకి డబ్బిచ్చే పైకమిటీకి పంపబోయే మాట ఏమిటంటే, వైరస్ సోకిన కణాల తలుపుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు, నొప్పికి కారణం ఇంకెక్కడో వెతకాలి, ఈ పని ఇంతటితో ఆపవచ్చు, అని. తేడా ఎందుకు కనిపించలేదో నాకప్పుడు తెలిసింది. నొప్పి ఉన్నవాళ్ళందర్నీ బయటికి నెట్టేసి తలుపేసుకుని, లోపల మిగిలినవాళ్ళని అడుగుతున్నాం, మీలో ఎవరికైనా నొప్పిగా ఉందా అని.

కానీ నా మాట ఎవరు నమ్ముతారు? చచ్చే కణాలు కావని రుజువు కావాలి. దానికి ఒకటే దారి. సోడియం తలుపులని బిగించి మూసే మందు ఒకటుంది. ఏడుస్తున్న కణానికి ఆ మందు పోస్తే, ఏడుపు ఆ తలుపుల వల్లే అయితే ఆగిపోతుంది. తర్వాత మందు కడిగేస్తే మళ్ళీ మొదలవ్వాలి. చచ్చేది ఆగితే ఆగిపోతుందంతే, మళ్ళీ లేచి పాత పాట పాడదు. ఆ రోజే కొత్త గిన్నెలకి వైరస్ ఇచ్చాను. అవి ఆదివారానికి తయారవుతాయి. సోమవారం పొద్దుటికి వైరస్ వాటిని నిజంగానే చంపేస్తుంది. ఆదివారం ఒక్కటే నాకున్నది. ఆదివారం మా ఇంట్లో ఆయన ఆఫీసువాళ్ళకి భోజనాలు.

సాయంత్రం కంచాల ముందు చెప్పాను, ఆదివారం నేను ల్యాబుకి వెళ్ళాలని. ఆయన ముందు నేను జోకు వేశాననుకున్నారు. "నీ కణాలేమైనా పారిపోతాయా? సోమవారం చూసుకో" అన్నారు. సోమవారానికి చచ్చిపోతాయన్నాను. "చచ్చేవాటి కోసం బతికున్నవాళ్ళని పస్తు పెడతావా?" అన్నారు. పాప నవ్వింది. ఆయనకి ఆ నవ్వు నచ్చింది. ఆ తర్వాత నేనెంత చెప్పినా అదే ధోరణి. వాళ్ళ మేనేజరు భార్య కూడా వస్తోందని, ఇంట్లో ఆడదిక్కు లేకపోతే ఏం బాగుంటుందని, అసలు ఒంట్లో బాగాలేదన్నదానివి సెలవు రోజు ఉద్యోగానికి ఎలా వెళ్తావని. అదీ అసలు మాట. వంటకి పనికిరాని ఒళ్ళు ల్యాబుకి పనికొస్తే నొప్పి అబద్ధమన్నమాట. ల్యాబుకి వెళ్ళగలిగితే నొప్పి లేదు, వంట చేయలేకపోతే వేషం. నా నొప్పికి వీలైన చోటే లేదు ఈ ఇంట్లో. నేను కంచం తీసుకుని లేచిపోయాను.

వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే అత్తయ్య గుడ్డ పట్టుకుని తుడవడానికి వచ్చారు. అంటే ఏదో అడగాలి. ఆదివారం కూడా వెళ్ళి చూడాల్సినంత గొప్పవా అవి, అన్నారు. చెప్పాను. తలుపుల సంగతి, గోడ మీద నియమం సంగతి, వాటికి కోడళ్ళని పేరు పెట్టిన సంగతి. ఆవిడ పగలబడి నవ్వారు. "బాగానే పెట్టాడు ముద్దుపేరు" అన్నారు. కాసేపటికి నవ్వు ఆగింది. చేతిలో పళ్ళెం తుడిచినచోటే తుడుస్తూ అడిగారు.

"నిజంగా ఎవరూ ముట్టుకోకుండానే ఏడుస్తాయా?"

"ముట్టుకున్నది లోపలే ఉంది అత్తయ్యా. ఎప్పుడో వచ్చింది, పోలేదు. బయటి నుంచి మనకి కనపడట్లేదంతే."

ఆవిడ పళ్ళెం పక్కన పెట్టారు. ఇంకోటి తీసుకున్నారు. నా వైపు చూడకుండా అన్నారు, "మీ మావయ్య చెప్పుల చప్పుడు గుమ్మంలో వినిపిస్తే చాలు, నా చేతిలో ఏదున్నా జారేది. చివరి రోజుల్లో పాపం ఏమీ అనేవారు కాదు. మంచం మీద పడ్డాక ఇక చెప్పులెక్కడివి? అయినా పక్కింటాయన చెప్పుల చప్పుడుకే జారేది." అంతే. గుడ్డ పిండి తీగ మీద ఆరేసి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళలో ఆవిడ నాకు తన గురించి చెప్పిన మొదటి మాట అది.

ఆదివారం పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే ఆయన వరండాలోకి వచ్చి, అమ్మా ఇటు చూడు, నిజంగానే వెళ్ళిపోతోంది, అన్నారు. అత్తయ్య లోపల్నుంచే కేకేశారు, "వెళ్ళనీరా. నీకు వంట రాదుగా, ఇవాళ వస్తుంది." ఆయన ముఖం చూడాలనిపించింది గానీ చూడలేదు. చూస్తే జాలిపడి ఆగిపోతానని భయం. అదొక జబ్బు నాకు.

ల్యాబులో ఎవరూ లేరు. మొదటి కణాలు మామూలువి, మాట్లాడలేదు. తర్వాత ఒకటి దొరికింది. గట్టిగా అతుక్కుంది, ఎక్కడా కారడం లేదు, దానంతటదే ఏడుస్తోంది. మందు వదిలాను. టక్ టక్ టక్, టక్ టక్, టక్. ఆగింది. ఖాళీ గదిలో ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను. ఆ కణం మీద నాకు అసూయ కలిగింది. ఆ మందు మనిషికి ఎక్కించకూడదు. గుండెని, ఊపిరిని కూడా ఆపేస్తుంది. ఏడ్చే తలుపులని మాత్రమే మూసి మిగతావాటి జోలికి పోని మందు ఇంకా ఎవరి దగ్గరా లేదు. అలాంటిది కావాలంటే ముందు ఆ తలుపులు ఏడుస్తున్నాయని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదా. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఆయన మెసేజి, ఉప్పెక్కడుంది, అని. నా ముందు కణం చుట్టూ ఉన్నదంతా ఉప్పే. పొయ్యి పక్క అలమర తలుపు తీస్తే కనిపిస్తుంది, అని జవాబిచ్చాను. తర్వాత మందు కడిగేశాను, మంచి ద్రావణంతో మెల్లమెల్లగా. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. చచ్చిపోయిందా, నేనే తప్పా అనుకుంటుండగా, టక్. మళ్ళీ టక్. టక్ టక్ టక్. బతికే ఉంది. ఏడుస్తూనే ఉంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఒకరు మళ్ళీ ఏడుపు మొదలుపెట్టినందుకు సంతోషపడాల్సి వచ్చింది. సాయంత్రం దాకా దొరికినవాటన్నిటితో అదే చేశాను. మందు పోస్తే ఆగాయి, కడిగితే మొదలుపెట్టాయి.

ఇంటికి వెళ్ళేసరికి వంటిల్లు యుద్ధం జరిగినట్టుంది. వంటలు ఎలా కుదిరాయో నేనడగలేదు, ఎవరూ చెప్పలేదు. గిన్నెలు మాత్రం నా కోసం ఉంచారు. కడిగాను.

సోమవారం మీటింగులో పెద్దసారు, సీనియరు, నేను. గ్రాఫు తెర మీద పెట్టాను. వైరస్ వైపు గీత ఎత్తుగా లేచి ఉంది. పెద్దసారు కళ్ళజోడు సర్దుకుని, కోడళ్ళని తీసేశాకే కదా ఇది, అన్నారు. చచ్చేవి తీశాను, బాగున్నవి తీయలేదు సార్, అన్నాను. ఆదివారం రికార్డింగులు వినిపించాను. ఆగడం, మొదలవడం. సీనియరు కుర్చీలో ముందుకి జరిగాడు. ఇంకోసారి వినిపించమన్నాడు. పెద్దసారు వినలేదు, నన్నే చూస్తున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయనే. అందుకే ఆ మాట చాలా మెత్తగా అన్నారు.

"చూడమ్మా, ఏమీ అనుకోకు. నీ ఒంట్లో బాగోలేదని మాకందరికీ తెలుసు. నీకు నొప్పి ఉంది కాబట్టి గిన్నెలో కూడా నీకు నొప్పే కనిపిస్తోంది."

ఇంట్లో ఆయన ఫోను లైటు వేసి వెతికిన రోజు గుర్తొచ్చింది. అదే మెత్తదనం. ఇంట్లో నా నొప్పికి సాక్ష్యం లేదు కాబట్టి అబద్ధం. ఇక్కడ సాక్ష్యం తెస్తే, నొప్పి ఉన్నదాని సాక్ష్యం చెల్లదు. ఎడమ పక్క సన్నగా మొదలైంది. చెయ్యి ఎడంగా పెట్టుకున్నాను, ఎవరు ఏమనుకుంటే అనుకోనీ అని.

"మీకు నొప్పి లేదు కాబట్టి ఇన్నాళ్ళూ కనిపించలేదేమో సార్" అన్నాను.

సీనియరు దగ్గాడు. పెద్దసారు గ్రాఫు వైపు మళ్ళీ చూశారు. చివరికి, సరే, ఇవన్నీ వెనక అనుబంధంలో పెడదాం, అసలు గ్రాఫు మాత్రం నియమం ప్రకారమే ఉండాలి, అన్నారు. వెనక అనుబంధం అంటే నాకు తెలుసు. వచ్చినవాళ్ళందరూ తిన్నాక వంటింట్లో పీట వేసి పెట్టే భోజనం. అది తిని తిని ఉన్నాను. "అయితే ఆ గ్రాఫు కింద నా పేరు వద్దు సార్. ఈ పని చేసినావిడ పేరెందుకు లేదని కమిటీ అడిగితే నేనే చెప్తాను" అన్నాను.  అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆలోచిస్తానన్నారు. ఇది రాసే వేళకి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. నా కాంట్రాక్టు కాగితం కూడా ఆయన బల్ల మీదే ఉంది. దాని గురించి కూడా ఆలోచిస్తున్నారని విన్నాను. ఇంట్లో మా ఆయన నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. నా నొప్పి అలాగే ఉంది. అత్తయ్య మాత్రం ఆరేసిన బట్టలు మడతపెట్టేటప్పుడు ఆ పాత చొక్కాని తిరగేసే మడతపెట్టి నా మంచం మీద పెడుతున్నారు. ఎందుకని నేనడగలేదు.

ఆ మీటింగు నుంచి వచ్చి నా బల్ల దగ్గర కూర్చుని నేను చేసిన పని ఒకటుంది. పట్టికలో కోడలు అని ఉన్న గడి పేరు తుడిచేశాను. అక్కడ మహారాణి అని రాశాను. మర్నాడు సీనియరు చూసి, ఎవరీ మహారాణి, అని అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు. అప్పటి నుంచి అతనూ తన పట్టికలో అలాగే రాస్తున్నాడు.

మీకు ఈ తలుపులూ సోడియమూ గుర్తుండకపోయినా పరవాలేదు. ఎప్పుడైనా దారిలో ఒకావిడ మోచెయ్యి ఎడంగా పెట్టుకుని, ఎవరికీ దారి ఇవ్వనన్నట్టు నడుస్తూ కనిపిస్తే, పొగరనుకోకండి. మీరే కొంచెం పక్కకి జరగండి. హోటలు దుప్పట్లు లాగి లాగి మడతపెట్టి నన్ను చదివించిన మా అమ్మ అలాగే నడిచేది. ఆ మహారాణిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.